ఇందుమతి తాయి పెట్టిన సంతకం

క్లాసు మొదలయ్యే ముందు ఇందుమతి శెడ్గే ఐదు కిలోల పిండి డబ్బా ఒకటి పట్టుకుని బల్లల మధ్య తిరిగేది. ప్రతి బల్ల దగ్గరా ఆగి "మౌసు" అనేది. ఎందుకో చెప్పేది కాదు. పుణె హడప్సర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో వెబ్‌సైట్లు కట్టే ఇంజనీర్లు మొహమొహాలు చూసుకుని, మౌసులు ఊడబీకి డబ్బాలో పడేసేవాళ్లు. తర్వాత తెరలు ఆపించేది. అందరి చెవులకూ హెడ్‌ఫోన్లు పెట్టించి, తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌ను ఆన్ చేయించేది. అప్పుడు తన కుర్చీ తడుముకుని కూర్చుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, "స్వార్‌గేట్ నుంచి సోలాపూర్‌కి రేపటి బస్సు టికెట్టు తీయండి. ఇరవై నిమిషాలు టైము" అనేది.

ఇరవై నిమిషాలు కాదు కదా, గంటన్నర ఇచ్చినా ఎవరికీ టికెట్టు వచ్చేది కాదు. ఒకసారి ఒక కుర్రాడు గెలిచానని చేయెత్తాడు. తెర పెట్టి చూస్తే వచ్చే నెలలో కొల్హాపూర్‌కి, వృద్ధుల రాయితీ మీద, రెండు సీట్లు తీసి ఉన్నాడు. "అరవై దాటినట్టు లేవే గొంతు చూస్తే. ఆరోగ్యం జాగ్రత్త నాయనా" అంది ఇందుమతి. క్లాసంతా గొల్లుమంది. ఇంకొకడు "తాయీ, ఈ గొంతు రైలు మిస్సయిపోతున్నట్టు మాట్లాడుతోంది" అని గొణిగాడు. "నీకోసం సగానికి తగ్గించి పెట్టాను. నేను వినే వేగం పెడితే రాజీనామా ఇచ్చి ఇంటికి పోతావు" అంది.

ఆమెకు చూపు లేదు. నాలుగో ఏట తట్టు పోసి పోయింది. అందరూ ఆమెను తాయీ అనే పిలిచేవాళ్లు, అక్కా అన్నట్టు. కంపెనీ యజమాని కర్ణిక్ కూడా అంతే. ఆయనకు ఆమె కన్నా రెండేళ్లు ఎక్కువే అయినా.

ఫల్టణ్ దగ్గర పల్లెటూరు ఆమెది. నాన్న చక్కెర ఫ్యాక్టరీలో చెరకు తూచే కాటా దగ్గర పని చేసేవాడు. ఏడేళ్ల పిల్లను ఎడ్లబండిలో కొంత దూరం, ఎర్ర బస్సులో కొంత దూరం తీసుకొచ్చి పుణెలో అంధ బాలికల బడిలో దింపి, "సెలవులకు వస్తాను" అని చెప్పి వెళ్లాడు. చెప్పినట్టే వచ్చాడు, ప్రతి సెలవుకీ. అది కూడా అందరు పిల్లలకూ దొరికిన అదృష్టం కాదు. బడిలో చుక్కల లిపి నేర్చింది, స్వెటర్లు అల్లడం నేర్చింది, కుర్చీలకు కేన్ అల్లడం నేర్చి మొదటి రోజే వేలు కోసుకుంది. ఇరవై ఒకటో ఏట ఒక బ్యాంకు పెద్దాఫీసులో టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగం వచ్చింది.

ఆ రోజుల్లో చూపు లేనివాళ్లకు సర్కారు ఉద్యోగమంటే చాలా వరకు టెలిఫోనే. ఇందుమతి దాన్ని దర్జాగా చేసింది. ఆరువందల పన్నెండు నంబర్లు నోటికి వచ్చు. "హలో" అనగానే ఎవరో చెప్పేసేది. ఎవరు పై అధికారి దగ్గర చీవాట్లు తిని వచ్చారో, ఎవరింట్లో జ్వరమో, గొంతు విని కనిపెట్టేది, కానీ పైకి అనేది కాదు. పద్దెనిమిదేళ్లు అలా గడిచాయి. అప్పుడు ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చింది. ఫలానా విభాగానికి ఒకటి నొక్కండి, ఫలానాకు రెండు నొక్కండి అని ఒక టేపు మాట్లాడ్డం మొదలుపెట్టింది.

ఉద్యోగం తీసేయలేదు. తీసేయడానికి వీల్లేదు. టపా గదిలో ఒక మూల కుర్చీ వేసి కూర్చోమన్నారు. నాలుగేళ్లు కూర్చుంది. పొద్దున్నే డబ్బాలో భాకరీ రొట్టె, పచ్చిమిరప ఠేచా పెట్టుకుని ధనకవడి నుంచి బస్సెక్కి వెళ్లేది. కూర్చునేది. టీ తాగేది. సాయంత్రం బస్సెక్కి వచ్చేసేది. "ఎంత అదృష్టవంతురాలివి తాయీ, పని లేకుండా జీతం" అని పక్క బల్లవాళ్లు అనేవాళ్లు. ఆ మాట విన్న రోజున భాకరీ డబ్బా తెరవకుండానే ఇంటికి తిరిగొచ్చేది. పని చేసే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి మరచిపోవడం కన్నా మెడ పట్టి గెంటడమే మర్యాదని నాకైతే అనిపిస్తుంది. ఆ సంగతి బ్యాంకులవాళ్లకు ఎప్పుడు అర్థమవుతుందో తెలీదు.

ముందే పదవీ విరమణ తీసుకుని, నలభై మూడో ఏట కంప్యూటర్ నేర్చుకుంది. ఏడాది తిరక్కుండా కర్ణిక్ కంపెనీలో చేరింది. సర్కారు శాఖలకు వెబ్‌సైట్లు కట్టి ఇస్తారు వాళ్లు. చూపు లేనివాళ్లు కూడా వాడగలిగేలా ఉండాలని కాగితం మీద ఒక నియమం ఉంది. ఆ నియమానికి టిక్కు పెట్టడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. ఇందుమతి పని ఏమిటంటే ప్రతి సైటునీ విని, ఎక్కడ ఏది వినపడలేదో, ఏ బటన్ పేరు చెప్పలేదో చిట్టా రాసివ్వడం.

చిట్టాలు రాసి రాసి విసిగిపోయింది. 'బొమ్మలకు మాటల్లో వివరణ లేదు' అని ఒకసారి రాస్తే, దిద్దామని చెప్పి సైటు తిరిగి పంపారు. తెరిచి వింది. 'బొమ్మ, బొమ్మ, బొమ్మ, బొమ్మ' అని నలభైసార్లు చదివింది స్క్రీన్ రీడర్. ప్రతి బొమ్మకూ వివరణగా 'బొమ్మ' అనే రాసిపెట్టారు మహానుభావులు. ఇందుమతి కర్ర పట్టుకుని తిన్నగా పై అంతస్తుకెళ్లి "ఎవరయ్యా ఇది, తల్లి కడుపులోంచి ఇంజనీరింగ్ చదువుకునే వచ్చారా?" అని కేకేసింది. ఆ సాయంత్రమే కర్ణిక్ దగ్గరికెళ్లి చెప్పింది. "చిట్టాలు వీళ్ల తలకెక్కవు సర్. నా ముందు కూర్చోబెట్టండి. చెవులతో ఎక్కిస్తాను."

అలా మొదలైంది పిండి డబ్బా. ఆమె దగ్గర మొదటి విడతలో కూర్చున్నవాడు తన్మయ్ భోయిటే.

బారామతి కుర్రాడు. అప్పటికి ఉద్యోగంలో చేరి మూడు నెలలు. టికెట్టు తీయలేక అందరూ నవ్వుకుంటూ క్యాంటీనుకు పోతే, వాడు తెర ఆపుకుని అలాగే కూర్చున్నాడు. మూడు గంటలు పట్టింది. సోలాపూర్‌కి టికెట్టు తీసి, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత "ప్రతిరోజూ మీకు ఇలాగే ఉంటుందా తాయీ?" అని అడిగాడు. "లేదు, వానాకాలం ఇంకా బాగుంటుంది. కరెంటు కూడా పోతుంది" అంది ఇందుమతి. కానీ ఆ ప్రశ్న ఆమె మనసుకు తగిలింది. ఆ తర్వాతి ఏడేళ్లలో ఎంతోమంది క్లాసుకు వచ్చి వెళ్లారు. తన్మయ్ ఒక్కడే తను కట్టిన ప్రతి పేజీనీ ముందు తనే తెర ఆపి విని, తర్వాత ఆమె దగ్గరికి తెచ్చేవాడు. బల్ల మీద వేడి టీ పెట్టి "వినండి తాయీ" అనేవాడు. తనకు పిల్లలు లేరన్న సంగతి ఆ మాట విన్నప్పుడు ఇందుమతికి గుర్తు రాకుండా పోయేది.

ఆదివారాలు ఆమె తన పాత బడి హాస్టల్లో పెద్ద పిల్లలకు కంప్యూటర్ నేర్పేది. అక్కడ కావేరీ ధుమాళ్ అనే పిల్ల ఉండేది. సాతారా జిల్లా. బి.ఏ. అయింది, టీచర్ శిక్షణలో సీటు కోసం రెండేళ్లుగా తంటాలు పడుతోంది. మొదటి ఏడు ఇంటర్నెట్ షాపుకెళ్లి ఫారం నింపించుకుంది. నింపినవాడు పుట్టిన తేదీ తప్పు కొట్టాడు, సీటు పోయింది. దానితో పాటు ఫారంలోని ఫోన్ నంబరు రాసుకుని ఆరు నెలలపాటు రాత్రీ పగలూ ఫోన్లు చేశాడు. "ఎలా ఉన్నావు, ఒంటరిగా ఉన్నావా" అని. కావేరి నంబరు మార్చుకుంది. రెండో ఏడు ఫారమే పెట్టలేదు. ఈ ఏడు పెట్టకపోతే చూపులేనివాళ్ల కోటాలో వయసు దాటిపోతుంది.

ఆ శిక్షణ సీట్ల ఫారం కొత్తగా కట్టే పని ఆ ఏడు కర్ణిక్ కంపెనీకే వచ్చింది. కట్టింది తన్మయ్ బృందం. ఇందుమతి సోమవారం నాడు మొదటి గడి నుంచి చివరి బటన్ దాకా రెండుసార్లు వింది. చిన్న చిన్న తప్పులు చెప్పింది, అప్పటికప్పుడు దిద్దారు. ఆ ఆదివారం హాస్టల్లో పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పింది. "ఈసారి ఎవర్నీ బతిమాలక్కర్లేదు. మీ ఫారం మీరే నింపుకోండి. మొదటి నుంచి చివరిదాకా నా చెవులతో విన్నాను."

కావేరి అడిగింది. "నిజంగానా తాయీ? ఎవరూ పక్కన లేకుండా?"

"ఎవరూ పక్కన లేకుండా. తలుపేసుకుని నింపుకో."

కానీ సోమవారానికీ ఆదివారానికీ మధ్య ఒక గురువారం ఉంది. ఆ సాయంత్రం శాఖవాళ్లు ఫోన్ చేసి, చివరి బటన్ నొక్కగానే ఒక చిన్న పెట్టె తెరుచుకోవాలన్నారు. 'వివరాలన్నీ సరిచూసుకున్నారా? అవును, కాదు' అని అడిగే పెట్టె. అవును నొక్కితేనే దరఖాస్తు చేరినట్టు. తన్మయ్ ఆ పెట్టె చేర్చాడు. సైట్లలో తప్పులు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది, దాన్ని నడిపించాడు. ఆ ఒక్క పెట్టెలోనే ఏడు తప్పులు చూపించింది. మర్నాడు ఉదయం శాఖ అధికారి వస్తున్నాడు. లెక్క సున్నా ఉండాలి.

పేజీలో పూలతీగలూ గీతలూ లాంటి అలంకారాలు ఉంటాయి. వాటిని స్క్రీన్ రీడర్ చదివి విసిగించకుండా 'ఇది నీకు కాదు' అని ఒక చిన్న గుర్తు పెట్టొచ్చు. ఆ గుర్తు ఉన్నచోట తప్పులు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ కూడా చాలావరకు చూడకుండా దాటిపోతుంది. ఆ సంగతి ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు. ఏడు తప్పులు దిద్దడానికి సగం రోజు పడుతుంది. ఆ గుర్తు పెట్టడానికి ఒక్క లైను చాలు. తన్మయ్ ఆ లైను పెట్టాడు. సోమవారం వచ్చి సరిగ్గా దిద్దుదామనుకున్నాడు. ఏడు కాస్తా సున్నా అయింది. సాఫ్ట్‌వేర్ పిల్లలకు ఆ సున్నా కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. ఆకుపచ్చ రంగులో వస్తుంది కూడాను.

శుక్రవారం పదకొండింటికి తన్మయ్ కాగితం తెచ్చాడు. 'ఈ సైటు చూపు లేనివారికి అనువుగా ఉన్నదని పరిశీలించి ధ్రువీకరిస్తున్నాను' అన్న కాగితం. కింది అంతస్తులో అధికారి ఎదురు చూస్తున్నాడు.

"నేను విన్న తర్వాత ఏమన్నా మార్చారా?" అడిగింది ఇందుమతి.

"చిన్నదే తాయీ. చివర్లో ఒక పెట్టె పెట్టమన్నారు. చెక్ చేశాను, సున్నా వచ్చింది."

ఆమె క్లాసులో ప్రతిసారీ చెప్పే మాట ఒకటి ఉంది: సున్నాను నమ్మొద్దు, చెవిని నమ్మండి. ఇంకెవరన్నా ఆ కాగితం తెచ్చి ఉంటే "ముందు హెడ్‌ఫోన్లు ఇటివ్వు" అనేదే. తెచ్చినవాడు తన్మయ్. టీ కూడా తెచ్చాడు. ఇందుమతి పర్సులోంచి అట్టముక్క తీసింది. సంతకం గీత దాటకుండా మధ్యలో సన్నటి కిటికీ కోసి ఉంటుంది దానికి, బ్యాంకు రోజుల నాటిది. తన్మయ్ దాన్ని సరైన చోట పెట్టాడు. ఆమె సంతకం పెట్టింది.

జూలైలో జాబితా వచ్చింది. కావేరి పేరు లేదు.

హాస్టల్ ఫోన్ నుంచి చేసింది కావేరి. గొంతులో ఏడుపు లేదు, అదే ఇందుమతిని భయపెట్టింది. "మార్కులు చాలకపోతే చాలలేదని చెప్పేవాళ్లు కదా తాయీ? అసలు నా దరఖాస్తే రాలేదంటున్నారు. సగంలో ఆగిపోయిందట. నేను చివరి బటన్ నొక్కాను. 'దరఖాస్తు చేసినందుకు ధన్యవాదాలు' అని విన్నాను. నా చెవులతో విన్నాను."

"ఆఫీసులో ఏమన్నారు?"

"కళ్లున్న వాళ్లెవరితోనైనా నింపించుకోవాల్సింది కదమ్మా అన్నారు."

ఇందుమతి ఫోన్ పెట్టేసి తన కంప్యూటర్లో ఆ ఫారం తెరిచింది. గడిగడికీ ఆగి వింది. పేరు, పుట్టిన తేదీ, మార్కులు, అన్నీ చక్కగా చదివింది. చివరి బటన్ నొక్కింది. 'దరఖాస్తు చేసినందుకు ధన్యవాదాలు' అంది గొంతు. అంతా అయిపోయినట్టే ఉంది. తప్పు ఎక్కడుందో ఆమెకు అంతుపట్టలేదు. మరోసారి మొదటి నుంచి నింపింది. మళ్లీ ధన్యవాదాలే. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్న మనిషి, ఏమీ పట్టుకోలేకపోయింది.

తన్మయ్‌ని పిలిపించింది. పక్కన కుర్చీలో కూర్చోమంది. "నా తెర ఆన్ చెయ్యి" అంది. ఆమె తెర ఎప్పుడూ ఆపే ఉండేది. ఆమెకు దాంతో పనేముంది. తన్మయ్ ఆన్ చేశాడు.

"ఏం కనబడుతోంది?"

వాడు తెరను తన వైపు తిప్పుకున్న చప్పుడైంది.

"తన్మయ్, నిన్నే. ఏం కనబడుతోంది?"

"పెట్టె ఉంది తాయీ. మధ్యలో. 'వివరాలన్నీ సరిచూసుకున్నారా' అని. అవును, కాదు."

"నాకెందుకు వినబడలేదు?"

తన్మయ్ ముందుకు వంగాడు. కుర్చీ కిర్రుమంది. "దాచాను" అన్నాడు. "ఏడు తప్పులొచ్చాయి. పొద్దున్నే ఆయన వస్తున్నాడు. సోమవారం దిద్దుదామనుకున్నాను. సోమవారం ఇంకో పని నెత్తిన పడింది. మర్చిపోయాను తాయీ."

"మరి ధన్యవాదాలని చెప్పిందెవరు?"

"అది కింద పేజీలో చివరి లైను. ఎప్పుడూ ఉండేదే. పెట్టె కనబడితే ఎవరూ దాన్ని పట్టించుకోరు. మీకు పెట్టె లేదు కాబట్టి నేరుగా దాని మీదికి పోయింది."

ఇందుమతికి కోపం రాలేదని చెప్తే అబద్ధం. చేతిలో కర్ర ఉంది, ఒక్కటి వెయ్యాలనిపించింది. ఆ వెంటనే ఆ శుక్రవారం టీ గుర్తొచ్చింది, అట్టముక్క గుర్తొచ్చింది. కర్ర గోడకు ఆనించింది.

"నువ్వు దాచావు. నేను వినకుండా సంతకం పెట్టాను. కావేరితో మాత్రం తలుపేసుకుని నింపుకో అని చెప్పాను" అంది. "ఇంకెంతమంది ఉన్నారో చూడు."

"ఎక్కడ?"

"చివరి మెట్టు దాకా వచ్చి ఆగిపోయినవాళ్లు. లెక్క ఉంటుంది కదా మీ దగ్గర. చూడు."

గంట తర్వాత వచ్చి చెప్పాడు. నలభై మూడు మంది. అందులో ముప్పై ఒకరు చూపులేనివాళ్ల కోటా.

ఇద్దరూ కర్ణిక్ దగ్గరికెళ్లారు. కర్ణిక్ చెడ్డవాడు కాదు. కంపెనీ నడిపే మనిషి. అంతా విని నుదురు రుద్దుకున్నాడు.

"తన్మయ్ ఇవాళ సరిచేసేశాడు కదా తాయీ. వచ్చే ఏడాది నుంచి ఇబ్బంది ఉండదు."

"ఈ ఏడాది సంగతి?"

"జాబితా వచ్చేసింది. ఇప్పుడు మనంతట మనం ఉత్తరం రాస్తే మన మెడకు మనమే ఉరేసుకున్నట్టు. కాంట్రాక్టు రద్దు చేస్తారు. మీ క్లాసులకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోందనుకున్నారు? ఆ కాంట్రాక్టులోంచే. క్లాసులు పోతే ముందుముందు ఇలాంటివి ఇంకెన్ని జరుగుతాయో ఆలోచించండి. ఒక్క పిల్ల కోసం..."

"ముప్పై ఒక్కరు సర్."

"సరే, ముప్పై ఒక్కరు. వాళ్లు వచ్చే ఏడాది రాసుకోవచ్చు."

"కావేరికి వచ్చే ఏడాది లేదు. ఇంకెంతమందికి లేదో మీకూ తెలీదు, నాకూ తెలీదు."

కర్ణిక్ లేచి తలుపు వేసి వచ్చాడు. తర్వాత "ఉత్తరం మీరు రాస్తే నేను ఆపను. కానీ కంపెనీ కాగితం మీద రాయకండి" అన్నాడు. ఆయన ఇవ్వగలిగింది అంతే. అదన్నా ఇచ్చాడు.

ఇందుమతి తెల్ల కాగితం మీద రాసింది. తనే టైపు చేసింది. 'ఈ ఫారంలోని చివరి పెట్టె చూపులేనివారికి వినబడదు. నేను దానిని వినకుండానే ధ్రువీకరించాను. నా ధ్రువీకరణ తప్పు. దీనివల్ల దరఖాస్తులు ఆగిపోయినవారి తప్పేమీ లేదు, గడువులోగా చేయవలసినదంతా వారు చేశారు.' తన్మయ్ చదివాడు.

"నా పేరు రాయలేదేం?"

"సంతకం నాది."

"లైను నాది కదా తాయీ."

ఆమె కాగితం మడిచి కవర్లో పెట్టింది. వాడి తప్పు వాడే, తన చేత్తోనే రాసి ఒప్పుకోవాలనుకుంది. తన్మయ్ లేచి వెళ్లిపోయాడు. రెండు రోజులు ఆఫీసుకు రాలేదు. ఇక రాడేమోనని ఆమె అనుకుంది. మూడో రోజు ఒక కట్ట కాగితాలతో వచ్చాడు. నలభై మూడు దరఖాస్తులు, ఒక్కొక్కటీ ఏ తేదీన ఎన్ని గంటలకు చివరి బటన్ నొక్కారో, పెట్టె తెరుచుకున్నాక ఎంతసేపు అలాగే ఉండి ఆగిపోయిందో, అంతా అచ్చు తీసి తెచ్చాడు. పైన తన చేతిరాతతో ఒక ఉత్తరం. ఏం చేశాడో, ఎందుకు చేశాడో దాచకుండా రాశాడు. "మా అమ్మకు చెప్పడానికి బారామతి వెళ్లాను. ఉద్యోగం పోవచ్చని" అన్నాడు.

"ఏమంది?"

"అన్నం తినమంది."

ఆ కట్ట పట్టుకుని ఇద్దరూ శాఖ ఆఫీసుకు ఐదుసార్లు తిరిగారు. మొదటిసారి ఉత్తరం తీసుకోవడానికే ఒప్పుకోలేదు. రెండోసారి టపా గదిలో ముద్ర వేశారు. టపా గదుల సంగతి ఇందుమతికి బాగా తెలుసు, మర్నాడే మళ్లీ వెళ్లి పై గదికి చేరిందో లేదో కనుక్కుంది. నాలుగోసారి ఒక అధికారి "మీ తప్పు మీరే ఒప్పుకుంటున్నారు, మీకేం పట్టింది?" అని అడిగాడు, నిజంగా అర్థం కాక. ఐదోసారి వెళ్లినప్పుడు వాన. మెట్లు తడిగా ఉన్నాయి. తన్మయ్ చెయ్యి ఇవ్వబోతే ఇందుమతి తీసుకోలేదు, రెయిలింగ్ పట్టుకుని ఎక్కింది. ఇంకా క్షమించలేదు. క్షమించలేదని వాడికీ తెలుసు.

ఆగస్టు చివర్లో శాఖ నిర్ణయం వచ్చింది. ఆ నలభై మూడు మందికీ వారం రోజులు గడువిచ్చారు. దిద్దిన ఫారం మళ్లీ తెరిచి చివరి పెట్టెలో అవును నొక్కితే దరఖాస్తు గడువులోగా చేరినట్టే లెక్క. అదే కాగితంలో రెండో నిర్ణయం కూడా ఉంది. ఇకమీదట సైట్లకు వ్యక్తుల ధ్రువీకరణ పనికిరాదు, తప్పులు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన నివేదికలో సున్నా ఉండాలి, అది జతపరిస్తే చాలు.

కర్ణిక్ ఆ ముక్క చదివి వినిపించినప్పుడు ఇందుమతి నవ్వింది. నవ్వకుండా ఉండలేకపోయింది. ఏ సున్నా ముప్పై ఒక్కమందిని ముంచిందో ఆ సున్నానే పీట వేసి కూర్చోబెట్టారు. ఆమె సంతకం పక్కకు పోయింది. కాంట్రాక్టు పోలేదు. క్లాసులు వారానికొకటి ఉండేవి, మూడు నెలలకొకటి అయ్యాయి. కర్ణిక్ మొహమాటంగా కారణాలు చెప్పబోతే "తెలుసులెండి సర్" అని ఆపింది. ఆమె కుర్చీ తీసేయలేదు. ఆ కుర్చీలో పని లేని రోజులు మళ్లీ రాబోతున్నాయని ఆ సాయంత్రం బస్సులో ఆమెకు అర్థమై, ధనకవడి దాకా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

తన్మయ్ రాజీనామా ఇచ్చాడు. ఇందుమతి దాన్ని కర్ణిక్ బల్ల మీద నుంచి తీసుకొచ్చి వాడి బల్ల మీద పడేసింది. "పారిపోతావా? ఇక్కడే ఉండి ప్రతి పెట్టెనూ విను. నన్ను ఎవరూ సంతకం అడగరు ఇక. కనుక్కునేవాడు నువ్వొక్కడివే మిగిలావు" అంది. వాడు ఉండిపోయాడు. టీ తెచ్చి బల్ల మీద పెట్టడం మాత్రం మానేశాడు. ఆమె అడగలేదు.

వారం గడువు ముగిసింది. నలభై మూడు మందిలో ఇరవై తొమ్మిది మంది అవును నొక్కారు. మిగిలినవాళ్ల ఫోన్లు మారిపోయాయో, మెసేజీ చదివినవాళ్లు లేరో, ఇక ఓపిక లేకపోయిందో. వాళ్ల పేర్లు తన్మయ్ తెచ్చిన జాబితాలో ఉన్నాయి. గడువు ముగియకముందే ఇందుమతి వాళ్లలో చాలామందికి ఫోన్లు చేసి చూసింది. పాత ఆపరేటర్ కదా, నంబరు తిప్పి తిప్పి విసగదు. ముగ్గురు దొరికారు. ముగ్గురిలో ఒకామె "ఇప్పుడెందుకమ్మా, పెళ్లి కుదిరింది" అంది.

సెప్టెంబరు మధ్యలో ఒక మధ్యాహ్నం కావేరి ఫోన్ చేసింది. వెనక బస్‌స్టాండు రొద వినబడుతోంది.

"తాయీ, సీటొచ్చింది. కరాడ్ కాలేజీ. సోమవారం చేరాలి."

ఇందుమతి ఒక్క ఉదుటున లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది. "మంచిదమ్మా, మంచిది" అంది రెండుసార్లు. హాస్టల్ దొరికిందా, పుస్తకాలు ఆడియోలో ఉంటాయా, బ్రెయిల్ పలక పట్టుకెళ్తున్నావా అని గబగబా అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పింది కావేరి. సంతోషంగానే చెప్పింది. మధ్యలో ఇందుమతి అడిగింది. అడగకుండా ఉండలేకపోయింది.

"ఈసారి పెట్టె వినబడిందా? అవును, కాదు, రెండూ?"

అటువైపు ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

"తెలీదు తాయీ. దాదా నొక్కాడు. మా అన్నయ్య. ఊరెళ్లి వాడితో అవును నొక్కించుకున్నాను."

"దిద్దారమ్మా. నేనే విన్నాను. మూడుసార్లు విన్నాను ఈసారి."

"మీరు విన్నారని నాకు తెలుసు. అప్పుడు కూడా చెప్పారు కదా." కావేరి గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "ఇంకొక్కసారి పోగొట్టుకోవడానికి నాకు ఏడాది లేదు. అందుకని వాడిని కూర్చోబెట్టాను. మీకు కోపమొచ్చిందా?"

"లేదమ్మా. నువ్వు చేసిందే సరైన పని" అంది ఇందుమతి.

పక్క బల్ల దగ్గర తన్మయ్ టైపు చేయడం ఆపాడు. వాడికి అన్నీ వినబడ్డాయి. బస్సు వస్తోందని కావేరి ఫోన్ పెట్టేసింది. ఇందుమతి ఫోన్ బల్ల మీద పెట్టింది. చూపులేని పిల్లకు అన్నయ్య అవసరం పడకుండా చేయాలని పదిహేనేళ్లుగా నేర్పింది. ఆ పిల్ల అన్నయ్యను పిలుచుకుంది, ఇందుమతి మాటను దాటి, ఇందుమతి మాట వల్లే. పడిపోయిన కుర్చీని ఎత్తడానికి తన్మయ్ లేచాడు. ఈసారి ఆమె వద్దనలేదు.